పిలుపు గట్టుకు ఆ పేరు ఎలా వచ్చింది

బేత్-సెలా ఊరి తూర్పు ద్వారం దాటి మేకల బాటన అరగంట నడిస్తే పిలుపు గట్టు వస్తుంది. ఇక్కడ గోడలు గాని శిఖరం గాని లేవు. మోకాటి ఎత్తు రాళ్ళ వరుస, దాని అవతల ఎండిపోయిన లోయ, ఆ లోయలో మూడు గుహలు మాత్రమే కనబడతాయి. నీడ తక్కువ గనుక యాత్రికులు పొద్దున్నే రావడం మంచిది.

పూర్వం ఇశ్రాయేలీయుల కాలంలో ఈ ఊరి కొండమీద ఒక బలిపీఠం ఉండేది. లేవీ గోత్రపు యెకమ్యా దానికి యాజకుడు. పీఠం మీది అగ్నిని ఆరనివ్వకపోవడం, దీపాలకు నూనె పోయడం, ప్రజల బలులు అర్పించడం అతని విధులు. ఒంటిమీద మచ్చ లేచినవారిని కుష్ఠేమోనని పరీక్షించడం కూడా అతని పనే. అనుమానం ఉంటే ఏడు దినాలు విడిగా ఉంచి మళ్ళీ చూడాలి. అపవిత్రులని తేలినవారు ఊరి వెలుపల బతకాలి. ఎవరైనా దగ్గరికి వస్తే "అపవిత్రులం, అపవిత్రులం" అని కేక వేయాలి. వారికి నయమైందేమో చూడడానికి యాజకుడే వెలుపలికి వెళ్ళాలన్నది ధర్మశాస్త్రం.

ఒక పండుగ ముందురోజు కుమ్మరివాని భార్య అటారా చేతిమీద మచ్చతో వచ్చింది.

"ఏడు దినాలు ఆగి చూడండయ్యా. ఇంట్లో చంటిబిడ్డ ఉంది" అని వేడుకుంది.

బలిపశువులతో జనం కిక్కిరిసి ఉన్నారు. యెకమ్యా ఆగలేదు. "అపవిత్రురాలు" అని చెప్పి పనిలో పడ్డాడు. ఆమె ఈ రాళ్ళ వరుస దాటి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ ఈ వైపు రాలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. పెళ్ళికి నెలరోజులుందనగా యెకమ్యా ఒక్కగానొక్క కూతురు నయరా మణికట్టు మీద తెల్లని మచ్చ కనబడింది. అతని తమ్ముడు హాషుము కూడా యాజకుడే. "ఎండపొక్కు అని చెప్పెయ్ అన్నయ్యా. నీ మాట కాదనేదెవరు?" అన్నాడు. యెకమ్యా రెండుసార్లు ఏడేసి దినాలు కూతుర్ని విడిగా ఉంచి చూశాడు. మచ్చ మోచేతి దాకా పాకింది.

"నాన్నా, మీరే చెప్పండి. ఇంకొకరి నోట వినలేను" అంది నయరా.

అతను ఊరందరి ముందు ఆ మాట చెప్పి, అపవిత్రులకు ధర్మశాస్త్రం విధించినట్టు ఆమె పైవస్త్రం చింపాడు.

ఆమె ఈ రాళ్ళ వరుస దాటి వెళ్ళిన ఏడో దినాన కూతుర్ని పరీక్షించడానికి ఇక్కడికి వచ్చాడు. గుహలోంచి మొదట వచ్చింది అటారా. "అపవిత్రురాలిని" అని కేక వేసింది. యెకమ్యా ఆమె చేతిని చూశాడు. మచ్చ లేదు.

"ఎప్పుడు మానింది?"

"వచ్చిన నెలకే. చూసి చెప్పడానికి ఎవరూ రాలేదయ్యా."

ఆ నాలుగేళ్ళలో ఆమె బిడ్డ చనిపోయింది, భర్త మరొకతెను చేసుకున్నాడు. ఆ రెండూ యెకమ్యాకు తెలుసు. మర్నాడు ధర్మశాస్త్రం చెప్పినట్టు రెండు పక్షులను తెచ్చి శుద్ధి జరిపి, ఆమె పవిత్రురాలని ప్రకటించాడు. నయరా మచ్చ మాత్రం మానలేదు. అటారా ఊళ్ళోకి వెళ్ళి, సాయంత్రానికల్లా రొట్టెలు పట్టుకుని గుహలకు తిరిగి వచ్చింది. "ఆ పిల్లకు జ్వరంగా ఉంది, ఎవరో ఒకరు ఉండాలి" అంది. అతన్ని క్షమించానని మాత్రం ఏనాడూ అనలేదు.

మూడో చలికాలంలో నయరా మరణించింది. యెకమ్యా పీఠాన్ని తమ్ముడికి అప్పగించాడు. ఆ తరువాత బతికినంత కాలం ప్రతి ఏడో దినం ఇక్కడికి వచ్చాడు. లోయలోని వారు "అపవిత్రులం" అని కేక వేయకముందే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, దగ్గరికి వెళ్ళి చూసేవాడు. నయమైనవారిని ఆనాడే ఊళ్ళోకి తీసుకుపోయేవాడు. అందుకే ఇది పిలుపు గట్టు అయింది.

ఇక్కడ రోగాలు నయమవుతాయని గట్టును కాపాడే కుటుంబాలవారు ఎవరికీ మాట ఇవ్వరు. తాము దూరం చేసుకున్న మనిషి పేరును యాత్రికులు రాళ్ళ వరుస దగ్గర నిలబడి మూడుసార్లు పిలుస్తారు. పిలిచినవారు ఏడు దినాల లోపల ఆ మనిషి ఉన్న చోటికి వెళ్ళి చూడాలన్నది నియమం. వెళ్ళలేనివారు పిలవకూడదు.