గుండె మీద రెండు గంటలు

శ్రుతచైతన్య పెట్టిన నియమాన్ని ఎవరూ కాదనలేదు. ఎవరూ పాటించనూ లేదు. అదే అతని బాధ.

కొండల నడుమ ఒక ఆశ్రమం. ఆ ఆశ్రమానికి నలభై మంచాల ఆసుపత్రి. దాన్ని నడిపేది భార్గవానంద స్వామి. సన్యాసం పుచ్చుకోకముందు పట్నంలో పేరున్న సర్జన్ అని చెప్పుకునేవారు. ఆయన ఆ మాట ఎత్తేవాడు కాదు. కొండవాళ్ళకి ఆయన ఒట్టి డాక్టరుసామి.

శ్రుతచైతన్య ఆయన శిష్యుడు. పిల్లల వైద్యం చదివాడు. ముప్పయ్యేళ్ళ వయసులో ఇల్లు వదిలి వచ్చాడు. వచ్చి ఏడేళ్ళయింది.

ఆ కొండల్లో చలి మొదలైతే నెలలు తక్కువ పిల్లలు నిలిచేవారు కాదు. గాజు తలుపుల గదిలో, తల్లుల మంచాల పక్కనే వెచ్చటి దీపాల కింద పడుకోబెట్టేవారు. కరెంటు పోయేది. జనరేటరు అందుకునేలోగా అరచేతంత పిల్లలు చల్లబడిపోయేవారు. కిందటి చలికాలం మూడు నెలల్లో తొమ్మిది మంది పోయారు.

తొమ్మిదో బిడ్డ పోయిన మర్నాటి నుంచి శ్రుతచైతన్య చదవడం మొదలుపెట్టాడు. ఏయే దేశాల్లో ఇలాంటి పిల్లలకి ఏమేం చేసి చూశారు, ఎందరు బతికారు, ఎందరు పోయారు, ఆ లెక్కల్లో నమ్మదగ్గవేవి, కానివేవి. ఎనిమిది నెలలపాటు చదివాడు. ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. చివరికి తేలింది చాలా చిన్న సంగతి. బిడ్డని తల్లి ఒంటికి ఒళ్ళు ఆనేట్టు గుండె మీద కట్టుకుంటే, దీపాల కింద ఉన్నవాళ్ళకంటే ఎక్కువమంది బతుకుతున్నారు. యంత్రం అక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు.

అది తెలిసిన రోజు అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

మర్నాడే నియమం రాసి గోడకి అంటించాడు. ప్రతి తల్లీ రోజుకి ఎనిమిది గంటలు బిడ్డని గుండె మీద ఉంచుకోవాలి. ప్రతి మంచానికీ ఒక కాగితం కట్టించాడు. గంటకో గడి. గంట పూర్తయితే నర్సు అందులో టిక్కు పెట్టాలి.

నెల తిరిగేసరికి గళ్ళన్నీ నిండి ఉన్నాయి. పిల్లలు మాత్రం దీపాల కిందే ఉన్నారు.

"ఏమిటిది?" అన్నాడు పెద్ద నర్సు పైడితల్లమ్మతో. ఆవిడ ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళ నుంచి ఉంది.

"సెప్తన్నాం బాబూ. ఊ అంతారు. మనం ఇటు తిరగ్గానే దించెస్తారు."

"ఎందుకు దించేస్తారు?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. అతను అప్పటికే రెండో మంచం కాగితం చూస్తున్నాడు. "ఏటో బాబూ" అనేసి వెళ్ళిపోయింది.

అతను భోజనాల గదిలోకి అడుగుపెడితే నర్సుల మాటలు ఆగిపోయేవి. అది కోపం కాదు, భయభక్తులని అతనికి తెలుసు. కోపమైతే బాగుండుననిపించేది. కంచం తీసుకుని వరండా చివరికి పోయి కొండల వైపు తిరిగి తినేవాడు. ఎక్కడో, తను ఎన్నడూ చూడని ఊళ్ళలో, ఎవరో ఇలాంటి పిల్లల్ని ఒక్కొక్కరినే తూచి, రాసి, ఆ లెక్కలు కట్టారు. ఈ లోకంలో వాళ్ళే తన మనుషులనిపించేది. వాళ్ళ ముఖాలు కూడా తెలియవు.

పుష్యమాసం మొదటి వారంలో ఒక మగబిడ్డ పోయాడు. వాడి మంచానికి కట్టిన కాగితంలో ఎనిమిదికి ఎనిమిది టిక్కులున్నాయి.

శ్రుతచైతన్య ఆ కాగితం పట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. భార్గవానంద స్వామి బల్ల మీద కూచుని కట్లు కట్టే గుడ్డ మడతలు పెడుతున్నాడు.

"స్వామీ, పరిశోధన తప్పా? మనుషులు తప్పా?"

ఆయన కాగితం తీసుకుని చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"మీరొక్కసారి గట్టిగా చెప్పండి. మీరు చెబితే వింటారు."

"నేను చెబితే టిక్కులు ఇంకా గట్టిగా పెడతారు" అన్నాడు ఆయన. మడతలు పెట్టిన గుడ్డ పళ్ళెంలో సర్దుకుని లేచాడు. "చిలకమ్మకి కట్టు మార్చాలి. రా."

చిలకమ్మకి పంతొమ్మిదేళ్ళు. తొలికాన్పు. ఏడో నెల దాటగానే నొప్పులొస్తే ఊరివాళ్ళు డోలీలో మోసుకొచ్చారు. ఆపరేషను చేసి ఆడపిల్లని తీశారు. బిడ్డ బరువు కిలో మూడు వందలు. ఆరో రోజుకి తల్లి కుట్ల దగ్గర చీము పట్టింది. మొగుడు పసుపు తవ్వే పనికి పోయాడు. అత్త ఆసుపత్రి గేటు బయట, బంధువుల పాకలో ఉంది. పిల్లల గదిలోకి ఇంటివాళ్ళని రానివ్వరు.

వాళ్ళు వెళ్ళేసరికి చిలకమ్మ మంచం మీద కూచుని ఉంది. సామిని చూడగానే పక్కన దీపం కిందున్న బిడ్డని గబగబా ఎత్తి గుండెకి అదుముకుంది. శ్రుతచైతన్య ముఖం తిప్పుకున్నాడు.

"కట్టు మార్చాలమ్మా. అవతల గదిలోకి నడవాలి" అన్నాడు గురువు.

"పిల్లనెవులు పట్టుకుంతారు బాబూ?"

భార్గవానంద స్వామి శిష్యుడి వైపు తిరిగాడు. "పైగుడ్డ తీసెయ్యి."

"నేనా?"

"తల్లి కాకపోయినా పరవాలేదని నీ కాగితాల్లో ఉందన్నావు."

"ఉంది స్వామీ. కానీ నేను..."

"నీ ఒంట్లో వేడి లేదా?"

గోడవార ఇనప కుర్చీలో అతన్ని కూచోబెట్టాడు. బిడ్డని తీసి అతని గుండె మీద బోర్లా ఆనించాడు. తల ఒక పక్కకి తిప్పాడు. పైన గుడ్డ చుట్టి వీపు వెనక ముడివేశాడు. చిలకమ్మని నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

మొదటి పది నిమిషాలూ శ్రుతచైతన్య ఊపిరి కూడా సరిగా పీల్చలేదు. బిడ్డ బరువు తెలియడం లేదు. వేడి తెలుస్తోంది. ఏడేళ్ళుగా అతను వందలమంది పిల్లల్ని తాకాడు. అతన్ని ఎవరూ తాకలేదు. ఆ సంగతి ఇప్పటిదాకా అతనికి గుర్తులేదు.

ఇరవై నిమిషాలకి నడుము లాగడం మొదలైంది. ఆ కుర్చీకి చేతులు లేవు. వెనక్కి వాలితే ముడి ఒత్తుకుంటోంది, ముందుకి వంగితే బిడ్డ మెడ వంగుతోంది. అరగంటకి దాహం వేసింది. నీళ్ళ చెంబు నాలుగడుగుల దూరంలో కిటికీలో ఉంది. లేవాలంటే రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ బిడ్డ మీదున్నాయి.

బిడ్డ ఒక్కోసారి ఊపిరి తీయడం ఆపేది. అలా అవుతుందని అతను ఎందరికో పాఠం చెప్పాడు. ఇప్పుడు మాత్రం ప్రతిసారీ సెకన్లు లెక్కపెట్టాడు. వేలితో వీపు మీద రాస్తే మళ్ళీ తీసేది. కన్ను వాలుతోందంటే భయం వేసింది. నిద్రలోకి జారితే ఈ వేలెవరు ఆడిస్తారు?

ఒక నర్సు గాజు తలుపు అవతల నుంచి చూసింది. సామి ఏ ధ్యానంలోనో ఉన్నాడనుకుందో ఏమో, దండం పెట్టి వెళ్ళిపోయింది. పిలవాలనుకున్నాడు. బిడ్డ ఉలిక్కిపడుతుందేమోనని మానేశాడు.

గేటు అవతల పాకలోంచి మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో నవ్వుతున్నారు. కట్టెల పొగ, ఉడుకుతున్న రాగిజావ వాసన. అక్కడ పదిహేనుమంది దాకా ఉంటారు. ఎవరో ఒకరి అత్త, ఒకరి అక్క, ఒకరి అమ్మ. చేతులన్నీ అక్కడున్నాయి. ఇక్కడ గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

కోసిన కడుపుతో ఈ కుర్చీలో ఎనిమిది గంటలు. తనే రాశాడు. తన చేతి రాత ఎదురుగా గోడ మీద ఉంది.

అరగంట పనికి వెళ్ళిన గురువు చాలాసేపటికి గానీ చిలకమ్మతో తిరిగి రాలేదు. మంచం మీదికి చేరుతున్న చిలకమ్మ అతన్ని చూసి, "నీళ్ళు కావాలా బాబూ?" అంది. అతను తలూపాడు. ఆమె కడుపు పట్టుకుని మెల్లిగా వంగి చెంబు అందుకుని ఇచ్చింది.

"ఎంతసేపయింది?" అన్నాడు గురువు.

"రెండు గంటల పది నిమిషాలు."

"ఏం కావాలనిపించింది?"

శ్రుతచైతన్య నీళ్ళు తాగాడు. నడుం నొప్పి సంగతి చెప్పబోయాడు. నోటికి వేరే మాట వచ్చింది.

"ఎవరైనా వస్తే బాగుండుననిపించింది స్వామీ."

"ఆ మాట నీ పరిశోధనలో లేదా?"

అతను బిడ్డని తల్లికిచ్చి నేరుగా తన గదికి వెళ్ళాడు. కాగితాలన్నీ మళ్ళీ దించాడు. ఫలితాల పేజీలు అతనికి కంఠతా వచ్చు. ఆ ఫలితాలు వచ్చినచోట ఏమేం చేశారో చెప్పే పేజీలు మాత్రం కళ్ళతో దాటుకుంటూ పోయాడు. ఇప్పుడు వాటిని ఒక్కొక్క వాక్యమే చదివాడు. చాలాచోట్ల తల్లి పక్కన ఆమె మనిషి ఒకరున్నారు. తల్లి తినేటప్పుడు, పడుకున్నప్పుడు బిడ్డని వాళ్ళు కట్టుకున్నారు. వెనక్కి వాలే కుర్చీ ఉంది. అలసిపోయావా అని అడిగే నర్సు ఉంది. అంతా ఉంది. సన్నటి అక్షరాల్లో ఉంది.

ఆ సాయంత్రం పైడితల్లమ్మని వెతుక్కుంటూ వెళ్ళాడు.

"ఆ రోజు మీరేదో చెప్పబోయారు. నేను వినలేదు."

ఆవిడ చేతిలో పని ఆపింది. అతని ముఖంలోకి చూసింది.

"ఆ చిలకమ్మనే సూడండి బాబూ, ఒంటరిది. దొడ్డికెల్లాలన్నా బిడ్డనెవులికిస్తాది? నాకా? పద్నాలుగు మంచాలకి నానొక్కదాన్ని. మీరు టిక్కులెట్టమన్నారు. పెట్టకపోతే మీకు కష్టం, పెడితే నాకు పాపం. పెట్టీసినాను."

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"అడిగితే సెప్పనా?"

ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. ఇంటివాళ్ళని లోపలికి రానిస్తే జబ్బులొస్తాయని ఆవిడ భయం. అది ఉత్త భయం కాదు. శ్రుతచైతన్య దాని గురించీ చదివాడు. ఎప్పుడూ ఒకే మనిషి, దగ్గూ జ్వరం లేని మనిషి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని వస్తే చాలన్నచోట్ల ముప్పు పెరిగినట్టు లేదు. "ఎవరు కడుక్కున్నారో నాను సూసుకుంతాను" అంది పైడితల్లమ్మ.

మర్నాడు గురువు దగ్గర నిలబడ్డాడు. "స్వామీ, గాజుగదిలోకి ఇంటివాళ్ళు రాకూడదన్న నియమం..."

"నేను పెట్టిందే. ముప్పయ్యేళ్ళయింది. అప్పుడు నాకు తెలిసింది అంతే." ఆయన కొండల వైపు తిరిగాడు. "ఎందుకు పెట్టావని ఇన్నాళ్ళూ నన్ను ఎవరూ అడగలేదు."

"మార్చమంటారా?"

"ఒక నెల చూడు. ప్రతి బిడ్డ గురించీ రాయి. జబ్బులు పెరిగితే నాకు చెప్పి మూసెయ్యి. నా మొహం చూసి ఆగకు."

ఆ మధ్యాహ్నం చిలకమ్మ అత్త లోపలికొచ్చింది. ఆవిడ పేరు సోంబారి. పైడితల్లమ్మ దగ్గరుండి చేతులు రుద్దించింది. ముసలావిడ మనవరాలిని గుండెకి కట్టుకుని మంచం చివర కూచుంది. చిలకమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆపరేషనయ్యాక మొదటిసారి నాలుగు గంటలు నిద్రపోయింది.

గోడ మీది కాగితాన్ని శ్రుతచైతన్య తనే చింపేశాడు. ఎనిమిది గంటలనే మాట మళ్ళీ రాయలేదు. రోజూ ఒక్కో మంచం దగ్గర ఆగి, నిన్న ఎంతసేపు కుదిరింది, ఎందుకు కుదరలేదు అని అడిగేవాడు. చెప్పింది చెప్పినట్టు రాసేవాడు. కొందరు కుదరలేదనే చెప్పేవారు. అదీ రాసేవాడు. నెలాఖరుకి జబ్బులు పెరగలేదు. చిలకమ్మ బిడ్డ కిలో ఎనిమిది వందలై ఊరికి పోయింది.

చలికాలం పోయింది. కొండల మీద మంచు విడిచింది. ఒక పగటిపూట శ్రుతచైతన్య కాగితాలు తీసుకుని గురువు దగ్గరికొచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"పుట్టినవాళ్ళు దాదాపు కిందటేడు అంతమందే స్వామీ. అప్పుడు తొమ్మిది మంది పోయారు. ఈసారి తలుపు తెరవకముందు ఒకడు, తెరిచాక ముగ్గురు."

భార్గవానంద స్వామి కాగితాలు అందుకున్నాడు. చదివాడు. మెచ్చుకోలేదు.

"ఈ ముగ్గురి దగ్గర ఎవరున్నారు?"

"ఇద్దరి దగ్గర వాళ్ళమ్మలున్నారు."

ఆయన మూడో పేరు మీద వేలు పెట్టాడు.

"మూడోవాడికి తల్లి లేదు. కాన్పులోనే పోయింది. తండ్రి ఆమెని తీసుకుని ఊరికి పోయాడు. మళ్ళీ రావడానికి రెండు రోజులు పట్టింది."

"మరి వాడు?"

"చివరిదాకా నా గుండె మీదే ఉన్నాడు స్వామీ."

గురువు కాగితాలు పక్కన పెట్టాడు. బల్ల మీద కొంచెం జరిగాడు. శ్రుతచైతన్య వచ్చి ఆ ఖాళీలో కూచున్నాడు.

అవతల భోజనాల గంట మోగింది. ఇద్దరూ లేవలేదు.