ముందుకు జరిపిన ఐదు నిమిషాలు

"మంచి కోసం ఆడిన అబద్ధం కూడా అబద్ధమేనా, గురువుగారూ?" అని తులసి ఒక మధ్యాహ్నం ఇమ్మానుయేలుగారిని అడిగింది. కాలేజీల దరఖాస్తులను ఆన్‌లైన్‌లో నడిపే చిన్న ఆఫీసు ఆయనది, రాజమండ్రిలో. సర్వర్ల పని ఆమె ఆయన దగ్గరే నేర్చుకుంటోంది. ఏదడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చూద్దాంలేమ్మా" అని టీ తాగడంలో పడ్డారు.

తులసి ఊసుపోక అడిగిన ప్రశ్న కాదది. పొద్దున తాను చేసిన పని మనసులో మెదులుతోంది. వాళ్ల సర్వర్ అద్దెది, ఎక్కడో ఉన్న ఓ పెద్ద యంత్రంలో ఒక వాటా. ఆ యంత్రం యజమాని తన అవసరం కొద్దీ ఈ వాటాను కాసేపు ఆపితే, ఆగిన సంగతి దానికి తెలియదు. మళ్లీ కదిలాక, ఆగినచోటి నుంచే నిమిషాలు లెక్కపెడుతుంది. అందుకే సరైన టైము చెప్పే వేరే సర్వర్లను అది అడుగుతూ ఉండాలి. ఆ అడగడం ఆగిపోయింది. ఎందుకో వెతికే ఓపిక లేక తులసి చేత్తోనే టైము సరిచేసి, ఎలాగూ వెనకబడేదే కదా అని ఐదు నిమిషాలు కలిపి పెట్టింది. మన ఇళ్లలో గోడగడియారాన్ని ముందుకు జరిపి పెట్టుకోమూ? ఎన్ని కాపురాలు ఆ ఐదు నిమిషాల పుణ్యాన బస్సులు అందుకుంటున్నాయో. కాకపోతే ఇంట్లో ఆ దొంగ నిమిషాల సంగతి అందరికీ తెలుసు. చూసినవాళ్లు మనసులోనే తీసేసుకుంటారు.

ఆరోజే ఒక నర్సింగ్ కాలేజీలో దరఖాస్తులకు ఆఖరు, సాయంత్రం ఐదింటిదాకా గడువు. ఐదు కావస్తుండగా ఆఫీసు ఫోన్ మోగింది. రంపచోడవరం అవతలి కొండల్లోంచి ఝాన్సీ అనే అమ్మాయి.

"ఫారం అంతా నింపానండి. పంపిద్దామంటే టైము అయిపోయిందంటోందండి. మా ఫోను వెనకబడినట్టుంది, ఇటువైపు సిగ్నల్ సరిగ్గా ఉండదు. ఈ ఒక్కసారికి తీసుకుంటారేమోనని..." అని ఆగి, తనే అంది: "నాదే పొరపాటులెండి. ఉంటానండి."

తులసి తన ఫోను చూసుకుంది. ఐదింకా కాలేదు. ఏడాది చదువు పోయిందని తెలిసి కూడా ఆ పిల్ల తప్పు తనమీదే వేసుకుని, ఎంత మర్యాదగా ఫోన్ పెట్టేసింది. తులసి వెంటనే లేచి, చేసిందంతా గురువుగారికి చెప్పేసింది.

ఆయన కోప్పడలేదు. సర్వర్ మళ్లీ సరైన టైము అడిగి తెచ్చుకునేలా చేశారు. కాలేజీవాళ్లకు ఫోన్ చేసి, తప్పు మాదేనని ఉన్నదున్నట్టు చెప్పి, ఏడింటిదాకా అందరికీ గడువు ఇప్పించారు. తులసికి ప్రాణం లేచొచ్చింది. గబగబా ఝాన్సీకి మెసేజ్ రాసి, పంపేముందు ఆయనకు చూపించింది: "గడువు పొడిగించారు. ఏడింటిలోగా పంపండి." ఇందులో అబద్ధమేమీ లేదు కదా అన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది.

ఇమ్మానుయేలుగారు చదివి, ఫోను ఆమెకు తిరిగిచ్చారు.

"బాగానే ఉందమ్మా. మరి ఆ అమ్మాయి ఫోను టైము సరిగ్గానే ఉందని ఎవరు చెబుతారు?"