కోత పండక్కి నిలవని కోడి

అనగనగా, కాలవ గట్టున ఒక ఊళ్ళో, తాటాకు కప్పిన చర్చి ఒకటి ఉండేది తల్లీ. ఆ చర్చికి అందరికంటే ముందు వచ్చి చాప మీద కూచునేది తబితమ్మ. పాట ఎత్తితే ఆవిడే ఎత్తాలి. ప్రార్థనలో కూచుంటే పొయ్యి మీద అన్నం మాడినా కళ్ళు తెరిచేది కాదు. అది నటన కాదు సుమా. దేవుడంటే ఆవిడకి నిజంగానే ప్రాణం.

ఒకసారి తబితమ్మ కూతురికి కాన్పు కష్టమైంది. మంత్రసాని చేతులెత్తేసింది. అప్పుడు తబితమ్మ మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, తల్లీ బిడ్డా బతికి బయటపడితే కోత పండక్కి నీకు మంచి కోడిపెట్టని ఇచ్చుకుంటాను" అని మొక్కుకుంది. పొద్దు వాలేసరికి మనవడు పుట్టాడు. కూతురు లేచి గంజి తాగింది.

కోత పండగంటే తెలుసుగా? పంట ఇంటికొచ్చాక ఎవరికి కలిగింది వాళ్ళు దేవుడికి తెచ్చే రోజు. ఒకరు వరి కంకులు తెస్తారు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడి.

అయితే ఆ ఏడు తెగులొచ్చి తబితమ్మ కోళ్ళన్నీ చచ్చిపోయాయి. పండగ ఇంక నెల రోజులు కూడా లేదు. మొక్కు తప్పితే పసివాడికి ఏమవుతుందోనని ఆవిడకి ఒకటే గుబులు. "ఒక్క పెట్టని చూపించు తండ్రీ" అని పొద్దూ మాపూ ప్రార్థన చేసింది.

అప్పుడేమైందంటావు? నాలుగో రోజు పొద్దున ఒక నల్ల పెట్ట నడుచుకుంటూ ఆవిడ దొడ్లోకి వచ్చి, గింజలు ఏరుకు తింటోంది.

"దేవుడే పంపాడు" అనుకుంది తబితమ్మ. గబుక్కున గంప బోర్లించింది.

ఎవరిదమ్మమ్మా ఆ కోడి, అంటున్నావా? చూడు, నువ్వు అడిగావు. ఆవిడ అడగలేదు.

ఆ మర్నాడు కాలవ అవతల, లాకుల దగ్గర ఉండే ఎలీసమ్మ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. పాపం, ఎలీసమ్మకి మొగుడు లేడు. అత్త మంచాన పడి ఉంది. ఆ అత్తకి రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టి పెడితేనే కాస్త లేచి కూచునేది.

"అక్కా, మా నల్ల పెట్ట ఇటేమన్నా వచ్చిందా?" అంది గుమ్మంలో నిలబడి.

తబితమ్మ అప్పుడు ప్రార్థనలో ఉంది. మాట చెవిన పడింది. కానీ ప్రార్థన మధ్యలో పలకకూడదు గదా అనుకుని కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకుంది. ఎలీసమ్మ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడు వారాలు తబితమ్మ ఆ కోడిని గంప కిందే పెట్టి నూకలు మేపింది. పండగ రోజు తెల్లచీర కట్టుకుని, కోడిని చంకలో పెట్టుకుని చర్చికి వెళ్ళింది.

వెళ్ళి, కోడి కాలికి నార కట్టి బల్ల కాలికి ముడేసింది. అందరూ పాటలో ఉండగా కోడి ముడి పీక్కుని దర్జాగా గుమ్మం దాటింది. పరిగెత్తి పట్టుకొచ్చారు.

అప్పుడు గంప కింద పెట్టి, గంప మీద గుమ్మడికాయ పెట్టింది. పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతుంటే గుమ్మడికాయ దొర్లింది, గంప ఒరిగింది, కోడి మళ్ళీ బయటికి.

"ప్రసంగం పొడుగైనట్టుంది దానికి" అన్నాడు వెనక వరసలో ఒక ముసలాయన. అయ్యగారు కూడా నవ్వేశారు.

మూడోసారి ఒళ్ళోనే పెట్టుకుని కొంగు కప్పింది. సరిగ్గా కానుకలు తెమ్మనగానే కోడి రెక్కలు టపటపలాడించి, జనం తలల మీదుగా ఎగిరిపోయింది.

తబితమ్మ మొహం పాలిపోయింది. దేవుడు నా కానుక తీసుకోవడం లేదు, ఇంక నా మనవడి గతేమిటి అనుకుంది.

అయ్యగారు మాత్రం గుమ్మంలోకి వచ్చి కోడి పోయిన వైపు చూశారు. "మూడుసార్లూ తూరుపుకే పోయింది. ఎందుకంటావు? ఈసారి పట్టుకోకమ్మా. ఎక్కడికి పోతుందో చూసి రా" అన్నారు.

కోడి ముందు, తబితమ్మ వెనక. అది ఆగితే ఈవిడా ఆగింది. కాలవ మీద తాటి దుంగ దాటగానే తబితమ్మ అడుగు నెమ్మదైంది. అది ఏ ఇంటికి పోతోందో ఆవిడకి తెలిసిపోయింది.

కోడి ఎలీసమ్మ వాకిట్లోకి వెళ్ళి, మూలనున్న పాత కుండలో గడ్డి మీద కూచుంది.

"వచ్చావుటే? ఇన్నాళ్ళూ ఏ ఊరు పెత్తనానికి పోయావే?" అంటూ ఎలీసమ్మ బయటికొచ్చింది. తబితమ్మని చూసింది. "అక్కా, నువ్వు తోలుకొచ్చావా? నీ కడుపు చల్లగుండ, నీ మనవడు నూరేళ్ళు బతకాల."

తలూపితే చాలు. దీవెన కూడా దక్కేది. తబితమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను తోలుకురాలేదే. నేనే దాచాను. నువ్వొచ్చి అడిగిన రోజు వినపడింది కూడా."

"మూడు వారాలు మా అత్తకి ఒట్టి గంజి పోశానక్కా" అంది ఎలీసమ్మ.

తబితమ్మ ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమంది. ఆ తర్వాత ఒట్టి చేతులతో చర్చికి వెళ్ళి అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇప్పుడు మొక్కు తీర్చడానికి నా దగ్గరేం లేదు అయ్యగారూ. పసివాడికి ఏమన్నా అవుతుందేమో" అని ఏడ్చింది.

"దేవుడు ఏడాది ఆగలేడనుకున్నావా తల్లీ?" అన్నారు అయ్యగారు. "ఆయన ఆగుతాడు. ఆ ముసలమ్మ ఆకలే ఆగదు."

అప్పుడు తబితమ్మ చాప మీద కూచోలేదు. నేరుగా ఇంటికెళ్ళి, గేదె పాలు చెంబు నిండా కాచి, కొంగుతో పట్టుకుని లాకుల దారి పట్టింది. ఆ రోజొక్కటే కాదు, అత్త లేచి తిరిగేదాకా రోజూ వెళ్ళింది.

మొదటిరోజు ముసలమ్మ పాలన్నీ తాగి, మూతి తుడుచుకుని, "పాలు బాగానే ఉన్నాయి గానీ, గుడ్డేదీ?" అంది.

ఎలీసమ్మ నవ్వింది. నవ్వి, తబితమ్మకి పీట వాల్చింది.

కథ కంచికి,
కోడి గంపకి,
పాలు ముసలమ్మకి,
నువ్వు నా పక్కకి.