ముందుకి జరిపిన సీటు

గుమ్మలపాడు జమీందారుగారి రేసుకారు ఇంజను నిన్న దారిలో పట్టేసి ఆగిపోయింది. మెకానిక్ మస్తాను విప్పి చూస్తే, ఆయిల్ లేకుండా పరిగెత్తించడంతో సిలిండర్లు లోపల గీరుకుపోయి ఉన్నాయి.

"ఇది మా డ్రైవరు అప్పలకొండ నిర్వాకం. వాణ్ణి ఇవాళే పంపేస్తాను. నువ్వు సిలిండర్లుండే ఇంజను బ్లాకు మొత్తం కొత్తది తెప్పించు," అన్నారు జమీందారుగారు.

ఆరడుగుల అప్పలకొండ తల వంచుకు నిలబడ్డాడు. నిన్న తను కారు ముట్టనే లేదని చెప్పే ధైర్యం అతనికి లేదు. మస్తానుకి జాలేసింది. కానీ దొరగారి మాట అబద్ధమని ఎలా అనడం? కారులోకి తొంగి డ్రైవరు సీటు చూశాడు.

"కారు ఆగిపోయాక ఎవరైనా సీటు జరిపారా, దొరా?"

"లేదు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు."

"అయితే అప్పలకొండా, ఒక్కసారి ఎక్కి కూర్చో."

మోకాళ్ళు స్టీరింగుకి అడ్డుపడి అప్పలకొండ కూర్చోలేకపోయాడు. పొట్టివాళ్ళ కాళ్ళు అందేటంత ముందుకి జరిపి ఉంది సీటు. పొట్టిగా ఉండే జమీందారుగారు సీటువైపూ, తన కాళ్ళవైపూ చూసుకున్నారు.

"కొత్త బ్లాకు ఎప్పటికొస్తుంది?" అని చివరికి మెల్లగా అడిగారు.

"బ్లాకు మార్చక్కర్లేదు దొరా. పాడైన సిలిండర్ల లోపల స్లీవులని కొత్త గొట్టాలు తొడిగితే చాలు," అన్నాడు మస్తాను. "డ్రైవర్నీ మార్చక్కర్లేదు."

జమీందారుగారు జేబులోంచి తాళాలు తీసి అప్పలకొండ చేతిలో పెట్టారు.