సొన్నాయి పోడులో బొబ్బర్లు

ఆ ఉదయం గురువు ముఖం చూడటానికి సారథికి సిగ్గేసింది. సొన్నాయి ఊరు వదిలి కొండ దిగిపోతోంది. ఆమె పోవడానికి కారణం తనే.

సొన్నాయి ఒంటరి మనిషి. మొగుడు పోయాక కొండ ఏటవాలున ఉన్న చిన్న పోడు చేనునే నమ్ముకుంది. చోళ్లని పిలుచుకునే రాగులు, సామలు, కందులు, బొబ్బర్లు అన్నీ కలిపి చల్లుకునేది. కడుపునిండా కాకపోయినా, ఒకరి ముందు చెయ్యి చాపకుండా ఏడాది గడిచిపోయేది.

ఈమధ్య ఆ కొండమీదికి ఒక మాయదారి మొక్క ఎక్కి వచ్చింది. ఆకు నలిపితే కంపు. మేకలు మూతి పెట్టవు. చలికాలంలో తెల్లగా పూసి, దూదిపింజల్లాంటి విత్తనాలను గాలికి వదులుతుంది. దాని పేరు తెలియక జనం కొత్తరొట్ట అన్నారు. పూత రాకముందే నరికి, నరికిన రొట్టను నేలమీదే కుళ్లబెట్టి, దాని సందుల్లోనే విత్తనాలు ఒత్తుగా చల్లుకునేవాళ్లు. పైరుతోపాటు మళ్లీ మొలిస్తే, మళ్లీ పీకేవాళ్లు.

సారథికి ఇది నచ్చలేదు. అతను పల్లం నుంచి వచ్చిన కుర్రాడు. చాలా చదివాడు. గొంగళి సామి దగ్గర మౌనం నేర్చుకుందామని కొండెక్కి, మౌనం ఎంత గొప్పదో గంటల తరబడి చెప్పేవాడు. సామి ఊటబావి పక్కన గుడిసెలో ఉండేవాడు. ఎండకీ వానకీ ఒకటే చిరుగుల గొంగళి. శిష్యుడు మాట్లాడుతుంటే తల ఊపుతూ వినేవాడు, అప్పుడప్పుడు నిద్రపోయేవాడు.

"ఇది మొక్క కాదు, దురాక్రమణ," అన్నాడు సారథి ఊరివాళ్లతో. "సముద్రాల అవతలి నుంచి దొరల కాలంలో వచ్చింది. దొరలు పోయారు, ఇది పోలేదు. దీనితో సర్దుకుని బతకడమంటే లొంగిపోవడమే. వేళ్లతో సహా పెకలించాలి."

ఊరివాళ్లు విన్నారు. బాగా చెప్పాడనుకున్నారు. ఎవరి పోడుకి వాళ్లు వెళ్లిపోయారు. సొన్నాయి ఒక్కతే ఆగింది. చేతులు బొబ్బలెక్కేలా తన పోడులో పనిచేసి, తన గుమ్మంలో కూర్చుని అంబలి తాగే ఆ కుర్రాడంటే ఆమెకు ప్రాణం.

"అక్కా, ఈ ఏడు ఒక్క రొట్టమొక్క మిగిలి ఉన్నా విత్తనం వెయ్యొద్దు," అన్నాడు సారథి. "ముందు నేల శుద్ధి కావాలి."

"అంతలోకి వాన దాటిపోతేనో, పంతులూ?"

"పోరాటంలో తొందర పనికిరాదక్కా."

పోరాటమంటే ఏమిటో ఆమె అడగలేదు. తమ్ముడిలాంటివాడు చెప్పాడు, చాలు.

సారథి పీకాడు. పీకినదంతా కుప్పపోసి కాల్చాడు. పోడు గుండు చేయించుకున్న తలలా నున్నగా తేలింది. తొలకరి పడింది. వారం తిరక్కుండానే ఆ గుండుమీద పచ్చటి నూగు లేచింది. మళ్లీ పీకాడు. మళ్లీ వాన. ఈసారి ఇంకా ఒత్తుగా లేచింది. పక్క పోడుల్లో చోడిపైరు చీలమండ దాటింది. సొన్నాయి దాచుకున్న విత్తనపు చోళ్లు మాత్రం, రోజుకింత చొప్పున, అంబలైపోయాయి.

చివరికి పల్లంలో ఏదో కోళ్లఫారంలో పని ఉందని ఆమెకు కబురొచ్చింది. ఆ మధ్యాహ్నమే కిందిరోడ్డు మీదికి వ్యాను వస్తుంది.

సారథి సామి ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"నేనూ వెళ్తాను సామీ. పట్నం పోయి మందు తెస్తాను. కొడితే వేరుదాకా మాడిపోతుందట. లేదంటే ప్రాయశ్చిత్తం చేసుకుంటాను."

"ఏం చేస్తావు?"

"ఉపవాసం ఉంటాను."

"ఆయమ్మ ఎలాగూ పస్తుంటోంది," అన్నాడు సామి. "నువ్వూ ఉంటే ఇద్దరవుతారు."

సామి మెల్లగా లేచి, భిక్ష పట్టే తన సొరకాయ బుర్ర అందుకున్నాడు. "పద నాయనా. భిక్షకి వేళయింది."

నేరుగా సొన్నాయి గుమ్మం ముందుకే వెళ్లి నిలబడ్డాడు. ఆమె అప్పటికే తట్టలో చీర, గిన్నె, ఒక చిన్న మూట సర్దుకుని, తలుపుకి తాడు కడుతోంది.

"పొయ్యి ఆరిపోయింది సామీ," అంది. "పక్కింటి బుద్రి ఉడకేసినట్టుంది. అటెళ్లు."

"ఆ మూటలో ఏటుందమ్మా?"

"బొబ్బర్లు. ఎల్లిన చోట మొదటి పూట వొండుకోడానికి."

సామి సొరకాయ బుర్ర ముందుకు చాపాడు.

సారథి ముఖం ఎర్రబడింది. "సామీ, ఆవిడ దగ్గర మిగిలింది అదొక్కటే."

సామికి వినబడలేదో, వినదలచుకోలేదో తెలియదు. చాపిన బుర్ర చాపినట్టే ఉంది. సొన్నాయి ఒక్క క్షణం చూసింది. తర్వాత మూట విప్పుతూ నవ్వేసింది.

"ముసలి కడుపు ఎంత కాల్తందో పాపం. తీస్కో సామీ. నాకు ఆ కోళ్లకేసే నూకలే పెడతారులే."

గింజలు బుర్రలోకి గలగలా జారాయి. సామి దండం పెట్టాడు. గుడిసెకి పోయే దారి వదిలేసి, సొన్నాయి పోడువైపు ఎక్కడం మొదలుపెట్టాడు.

పోడు అంచున ఆగి, శిష్యుడితో ఒక్కటే మాటన్నాడు. "పీకు."

సారథికి ఒళ్లు మండిపోయింది. పేదరాలి చివరి గుప్పెడు కూడా వదలని గురువుమీద కోపం, దొరలమీద కోపం, వ్యాను మీద కోపం. అన్నిటికంటే తనమీద. వంగి పీకడం మొదలుపెట్టాడు. నేల మెత్తగా ఉంది. పట్టి లాగితే వేరంతా ఊడి వస్తోంది. ఒకటి, ఇంకొకటి. వెనక్కి చూడకుండా, ఎవరితో పోట్లాడుతున్నాడో తెలియకుండా, పై అంచు దాకా పోయాడు.

అక్కడ నడుం ఎత్తి తిరిగి చూశాడు.

సామి ఇంకా కిందే ఉన్నాడు. మోకాళ్లమీద పాకుతూ, ఒక్కో జానే ముందుకు జరుగుతున్నాడు. గొంగళి అంచులు బురదలో ఈడ్చుకొస్తున్నాయి. వాళ్ల వెనకే ఎక్కివచ్చిన సొన్నాయి పక్కన తట్ట కింద పెట్టి, నడుంమీద చెయ్యేసుకుని చూస్తోంది.

సారథి దిగి వచ్చాడు. తను పెరికిన మొక్క మొక్కకీ నేలలో ఒక చిన్న గుంట పడింది. సామి ఒక్కో గుంటలో ఒక బొబ్బర గింజ వేసి, బొటనవేలితో నొక్కి, పైన మట్టి సర్దుతున్నాడు. సర్దాక, జోకొట్టినట్టు అరచేత్తో ఒకసారి తడుతున్నాడు.

"ఏటి సామీ ఇది?" అంటోంది సొన్నాయి. "తింటావని ఏస్తే నా పోడులోనే పాతేస్తన్నావు?"

"నా ఆకలికి ఇవి చాలవమ్మా."

"నవ్వులాటగుందా? గింజ భూమిలో పడ్డాక, మొలక కళ్లచూడకుండా ఆ పోడు మనిషి కొండ దిగకూడదు. మా కట్టుబాటు నీకు తెలీదేటి?"

"ముసలోణ్ని," అన్నాడు సామి. "మరుపొస్తోంది."

కింద, రోడ్డు మలుపులో వ్యాను హారన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. సొన్నాయి అటు చూసింది. గింజలు పడ్డ నేలకేసి చూసింది. సామిని తిట్టబోయి, అక్కడే ఒక రాయిమీద కూలబడింది. హారన్ ఇంకోసారి మోగి, దూరమైపోయింది.

"ఇప్పుడు నాకు కూడెవడు పెడతాడు?" అంది.

"మొలకలొచ్చేదాకా నా భిక్షలో సగం నీది," అన్నాడు సామి.

"నీ భిక్షంతా నా గుమ్మందే కదా ముసలోడా." అనేసి తనే పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుంది. "బుద్రి పోడులో చోడినారు ఒత్తుగా ఉంది. పలచన చేసి పారెయ్యక ముందే అడగాల. ఈ బొబ్బర్ల నడుమ ఊడ్చుకుంటే కొంతైనా నిలబడతాది."

సారథి ఆమె ముందు కూర్చున్నాడు. "అక్కా, ఆ రొట్ట మళ్లీ మొలుస్తుంది. ఈ గింజ పక్కనే మొలుస్తుంది."

"మొలిస్తే పీకుతాం. బొబ్బర తీగ పాకిందంటే కింద నేలకి ఎండ తగల్దు. అప్పుడు అదెంత మొలుస్తాది?"

"ఇది నీకు ముందే తెలుసా?"

"కొండమీద పుట్టినోళ్లకి ఎవులికి తెలీదు?"

"మరి నాకు చెప్పలేదేం?"

సొన్నాయి అతని బురద చేతులకేసి చూసింది. "సెప్పనిచ్చావేటి, పంతులూ? నువ్వు మొదలెడితే మద్దిలో మాట దూరదు. పైగా అంత కట్టపడి పీకుతుంటే, వద్దనడానికి నాకు మనసొప్పలేదు."

సారథి పైనుంచి కిందిదాకా తను తెరిచిన గుంటలు చూశాడు. సగానికి పైగా ఇంకా ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటి పక్కన పీకని రొట్ట ఇంకా మిగిలే ఉంది. కొండ వెనక మళ్లీ మబ్బు పడుతోంది.

సామి మోకాళ్ల మట్టి దులుపుకుని లేచాడు. మిగిలిన గింజలున్న సొరకాయ బుర్రను శిష్యుడి చేతుల్లో పెట్టాడు.

"ఇప్పుడు పీకేది నేను," అన్నాడు. "నువ్వు నా వెనకాలే రా."