రాజుగారికి హామీ ఎవరు?

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం, పేరు వేలాపురి. దాన్నేలే పృథ్వీధర మహారాజుకు తాను రాసిన శాసనాలంటే కన్నబిడ్డలకంటే ముద్దు. ఆ ఏడాది పరదేశుల మీద కొత్త శాసనం రాయించి, రాగిరేకు మీద చెక్కించి, కోటగుమ్మానికి కొట్టించాడు. "ఇందులో సందు వెతకడం దేవుడి తరం కూడా కాదు" అని నిండుసభలో మీసం మెలేశాడు. సభ చప్పట్లు కొట్టింది. కొట్టకేం చేస్తుంది!

బయటినుంచి వచ్చి ఊళ్ళో ఉండదలచిన ప్రతివారికీ ఒకరు హామీ ఉండాలట. ఆ హామీ ఇచ్చేవారు తొంభై రోజులుగా ఊళ్ళో ఉన్నవారై, ఆనాటి పొద్దుపొడుపు నుంచి పొలిమేర దాటనివారై ఉండాలట. హామీ పొందినవారు ఊళ్ళో ఉన్నంతకాలం ఇచ్చినవారూ ఊళ్ళోనే కాపురం ఉండాలట. ఓడ దిగినవారికి హామీ వెతుక్కోను తొంభై రోజుల గడువు. నేలమీద వచ్చినవారి సంగతి మాత్రం గుమ్మం దగ్గరే తేలిపోవాలి.

సెలూని అనే ఆవిడ తెరచాపలు కుట్టేది. ఆమె పుట్టిన ద్వీపాన్ని ఉప్పెన మింగేసింది. వెనక్కి పొమ్మంటే పోవడానికి చోటులేదు. వేలాపురిలో ఓడ దిగిన రోజున ఆ రేవునీ, కొండమీద మెట్లుమెట్లుగా ఉన్న ఇళ్ళనీ, ఏ తలుపుకీ తాళం లేకపోవడాన్నీ చూస్తూ అలాగే నిలబడిపోయింది. ఉంటే ఇక్కడే ఉండాలనుకుంది. కానీ ఓడలమీద బతికే ఊరది. ఇక కదలనని ఎవరు మాటిస్తారు? ఎక్కని గడప లేదు, దొరికిన హామీ లేదు. దసరానాటికి సరిగ్గా తొంభై రోజులు నిండుతాయి. మర్నాడు ఏ ఓడ కనిపిస్తే ఆ ఓడ ఎక్కించేస్తారు.

గుమ్మం దగ్గర ముద్రలు వేసే అధికారి జోగప్ప. ముద్ర వేసే చేత్తో హామీ ఇవ్వకూడదని అతనికి వేరే కట్టడి ఉంది. సెలూని కన్నీళ్ళు చూసి అతను రాగిరేకుని మరోసారి పైనుంచి కిందిదాకా చదివాడు. చదివి, గడ్డం గోక్కున్నాడు.

"అమ్మా, దసరానాడు ఊరంతా జమ్మికి వెళుతుంది. నువ్వు మాత్రం పొలిమేర దాటకు. నా పక్కన నించో. అడిగినప్పుడు నిజం చెప్పు, చాలు."

దసరా వచ్చింది. జమ్మి పూజకు రాజు పొలిమేర దాటి తిరిగి రావడం ఆ ఊరి ఆచారం. ఏనుగు మీద రాజు, వెనక మంత్రులు, ఆ వెనక పిల్లాజెల్లా ఊరు ఊరంతా కదిలింది. మంచం పట్టినవాళ్ళు తప్ప ఎవరూ మిగల్లేదు. డప్పుల మోత దూరమయ్యాక సెలూని వెనక్కి తిరిగి చూసింది. ఇళ్ళన్నీ తలుపులు బార్లా తెరుచుకుని ఉన్నాయి. తనని నమ్మని ఊరు, తన ఒక్కదాని ముందు ఇలా తెరిచిపెట్టి వెళ్ళిపోయింది!

పొద్దు వాలుతుండగా ఏనుగు తిరిగొచ్చింది. జోగప్ప చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ప్రభువులకు హామీ ఎవరు?"

డప్పులు ఆగిపోయాయి. "మతిపోయిందా జోగప్పా? నేను రాజుని!" అని రాజు ఉరిమాడు.

"చిత్తం. శాసనంలో 'ప్రతివారికీ' అని ఉంది. రాజు తప్ప అని రాద్దామంటే తమరే వద్దన్నారు."

"నేనిస్తాను హామీ!" అని మహామంత్రి ముందుకొచ్చాడు.

"తమరూ పొద్దున్నే పొలిమేర దాటారు మంత్రిగారూ. ముందు తమ హామీ సంగతి చూడాలి."

రాజు రాగిరేకు వంక చూశాడు. రేకు తళతళలాడుతోంది. కర్ర పట్టిన ఒక్క మనిషి, రాజు మాటతోనే రాజుని నిలబెట్టడం సెలూని కళ్ళారా చూసింది.

"అయితే ఎవరున్నారయ్యా లోపల?"

"మంచం పట్టినవాళ్ళు పోను, గుమ్మం దాకా రాగలిగింది ఈ ఒక్కమ్మే ప్రభూ. నేటికి తొంభై రోజులు. పొలిమేర దాటలేదు. అమ్మా, ఈయన మంచివారేనా? హామీ ఇస్తావా?"

 సెలూని తలెత్తి, వచ్చీరాని తెలుగులో చెప్పింది. "నాకు రాజు తెలియదు. ఊరు తెలుసు. పొద్దున్న ఒక్కరు కూడా తలుపు వెయ్యలేదు. అలాంటి ఊరిని ఏలేవారు మంచివారే. ఇస్తాను."

రాజు ముఖంలో కోపం ఎటుపోయిందో తెలియదు. ఏనుగు దిగాడు. జోగప్ప చేతులు కట్టుకుని మెల్లిగా అన్నాడు. "ఇక చిక్కల్లా ఒక్కటే. గడువు తీరి రేపు ఓడ ఎక్కించాల్సిన ఈమె, ప్రభువులు ఊళ్ళో ఉన్నంతకాలం ఊళ్ళోనే ఉండాలి."

రాజుకి అప్పుడు తట్టింది. విరగబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సెలూనికి రేవు పక్కన ఇల్లు, జోగప్పకు తన చేతి కంకణం ఇచ్చాడు. మంత్రి ఊరుకోక "ఇక కర్ర తీయించండి మహారాజా, జనం నిలబడి ఉన్నారు" అన్నాడు.

"తీయడమేమిటి? శాసనం శాసనమే. నాకు లేని మినహాయింపు మీకెందుకు? అందరూ ఆమెనే అడగండి!"

మంత్రి అడిగాడు. సేనాపతి అడిగాడు. గడప దగ్గర్నించే ఆమెను పంపేసిన షావుకార్లు, గాజులమ్మేవాళ్ళు, పల్లెకారులు, చంకలో పిల్లల్తో తల్లులు ఒక్కొక్కరే వచ్చి తమ పేరు చెప్పుకున్నారు. సెలూని ఒక్కొక్క పేరే పలికి, "ఇస్తాను" అంటూ వచ్చింది. దీపాలు పెట్టే వేళకి వేలాపురిలో ఆమెకు తెలియని మనిషి లేడు.