తెల్లబడిన తీగ

దస్తగిరికి పెద్ద చిక్కు వచ్చిపడింది. అతని కార్ఖానాలో పనివాళ్ల చేతులు వణుకుతున్నాయి.

దస్తగిరిది పూత పని. గుడి శిఖరం మీది కలశమైనా, దర్గా గుమ్మటం మీది నెలవంకైనా రాగితో చేసి, బంగారు పూత కోసం అతని దగ్గరికే తెచ్చేవాళ్లు. బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నలాంటి ముద్ద చేస్తారు. ఆ ముద్దను రాగికి రుద్ది కుంపటి మీద కాస్తారు. పాదరసం ఆవిరైపోతుంది, బంగారం మాత్రం రాగిని పట్టుకుని ఉండిపోతుంది. చూసేవాళ్లకు అదొక వింత. అప్పటిదాకా తెల్లగా, జిడ్డుగా ఉన్న కలశం కళ్లముందే పసుపు తిరుగుతుంది.

కాగేటప్పుడు గాలి కొడితే పూత మచ్చలు పడుతుంది. అందుకని కార్ఖానా కిటికీలన్నీ మట్టితో మూసేశారు. ఉన్నది ఒక్క వాకిలి. ఆ వాకిలి దగ్గర దస్తగిరి పీట. లోపల, కుంపటి చుట్టూ పనివాళ్ల పీటలు.

దేవుడి పని కదా, దానికొక నియమం ఉంది. స్నానం చేసి, ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకుని పనిలో కూర్చోవాలి. చెయ్యి వణికిందంటే మనసులో మైల ఉన్నట్టు లెక్క. అట్లాంటివాళ్లను ఇంటికి పంపేస్తారు. దస్తగిరి తాతల నాటినుంచీ అదే మాట, అదే పద్ధతి. ఎవరూ ఎదురు అడిగింది లేదు.

ఇప్పుడు ఆ వంతు కుంపటి దగ్గర పనిచేసే మాబున్నికి వచ్చింది. ఇంట్లో అత్తకూ ఆమెకూ ఈ పనే కూడు పెడుతోంది. అందుకని దస్తగిరికి మనసొప్పక, ఆమెను వెంటబెట్టుకుని తన గురువు మౌలాలి తాత దగ్గరికి వచ్చాడు.

తాత ఏటి ఒడ్డున చిన్న గుడిసెలో ఉంటాడు. పరుపులకు దూది ఏకి బతుకుతాడు. ఊళ్లో అందరూ ఆయన్ని సామీ అనే పిలుస్తారు. ఎవరు ఏ కష్టం చెప్పుకోవడానికి వచ్చినా ఆయన దూది విల్లు కాసేపు టంగు టంగుమంటూనే ఉంటుంది.

"సామీ, నా చెయ్యి చూడండి" అని దస్తగిరి చెయ్యి చాచాడు. రాతి చెయ్యిలా కదలకుండా నిలబడింది. "ఇన్నేండ్లుగా ఆ కార్ఖానాలోనే కూర్చుంటుండా. నాకెప్పుడన్నా వణికిందా? మీరు చెప్పిన దువా చదవడం ఒక్క పూట తప్పలేదు. వీళ్లకు ఆ నిలకడ లేదు. ఏ దువా నేర్పిస్తే ఈ వణుకు పోతాదో చెప్పండి. పోకపోతే ఈమెను కూడా పంపించేయాల్సిందే."

మాబున్ని గుంజకు ఆనుకుని నిలబడింది. "నేను మాత్రం ఏ పూట తప్పినా తాతా? అన్నం ముద్ద నోటికాడికి పోయేలోగా సగం కింద పడతాంది. చిగుళ్లు నొప్పి. నోట్లో ఎప్పుడూ రాగి చెంబు నాకినట్టుంటాది. మైల అంటే ఇట్లనే ఉంటాదేమో, నాకేం తెలుసు."

విల్లు ఆగింది. తాత ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆ ముక్కుపుడక తగరమా తల్లీ?"

మాబున్ని చప్పున కొంగు అడ్డం పెట్టుకుంది. "బంగారమే తాతా. మా అమ్మ పెట్టింది. ఈ పనిలో చేరినాక తెల్లబడింది. మా అత్త నమ్మదు. అసలుది అమ్ముకుని తగరపుది పెట్టుకున్నావని వీధిలో అందరి ముందరా అంటాది."

తాత చాలాసేపు ఆ ముక్కుపుడకనే చూశాడు. తర్వాత దస్తగిరిని అడిగాడు.

"మీ కార్ఖానాలో బంగారు తీగ ఉంటాదా?"

"ఉంటాది సామీ."

"రెండు ముక్కలు తుంచు. ఒకటి నీ పీట పైన వేలాడదీయి. ఒకటి ఈమె కూర్చునే చోట. ఎవరూ ముట్టుకోకూడదు. పని దిగినాక రెండూ పట్రా. అప్పటిదాకా ఈ తల్లి నా దగ్గర దూదిలో గింజలు ఏరుతా ఉంటాది."

"ఇదేం దువా సామీ?"

"ముందు కట్టు నాయనా."

మర్నాడు మాబున్ని పీట మీద ఇంకో పనివాడు ఓబులేసు కూర్చున్నాడు. తల పైన వేలాడే తీగను చూసి, "ఏమన్నా, నాకు బంగారు తోరణం కట్టినావే! పెండ్లికొడుకు మాదిరుండానా?" అన్నాడు. లోపలున్నవాళ్లంతా నవ్వారు.

సాయంత్రం దస్తగిరి రెండు తీగలూ గురువు అరచేతిలో పెట్టాడు. వాకిలి దగ్గరిది ఎప్పటిలా పచ్చగా ఉంది. లోపలిది తెల్లగా పాలిపోయింది. దస్తగిరి దాన్ని తీసుకుని తువ్వాలుతో తుడిచాడు. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. పోలేదు.

"ఎవరన్నా ముట్టుకున్నారా?" అన్నాడు తాత.

"లేదు సామీ. ఒట్టు. గాలి తప్ప ఏదీ దాన్ని తాకలేదు."

ఆ మాట అన్నది తనే అయినా, ఎవరో అన్నట్టు ఉలిక్కిపడ్డాడు దస్తగిరి.

తాత ఆ తెల్లని తీగను అతనివైపు జరిపాడు. "ఇది ఏ పూట దువా తప్పిందో కనుక్కో."

దస్తగిరి అక్కడినుంచి నేరుగా మాబున్ని ఇంటికి వెళ్లాడు. ఆమె అత్త కాశింబీ అరుగు మీద వక్క కత్తిరిస్తోంది. అతను తీగ చూపించి జరిగిందంతా చెప్పాడు. ముసలామె తీగను వెలుతురుకేసి పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"సరే, నా కోడలు దొంగ కాదు. రేపు నలుగురి ముందరా నేనే చెప్తా. అన్న నోరే కదా చెప్పాల్సింది." అడకత్తెర పక్కన పెట్టింది. "బంగారాన్నే ఇట్ల చేసిన గాలి, ఆ బిడ్డ కడుపులోకి పోయి ఏం చేస్తా ఉందో, అది చెప్పప్పా నువ్వు."

దస్తగిరి తీగ తీసుకుని లేచాడు.

రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే బజారుకు పోయి మంచి మందపు గుడ్డ తెచ్చాడు. అందరికీ ముక్కు, నోరు కప్పేలా మడతలు వేసి కట్టించాడు. గురువును పిలుచుకొచ్చి చూపించాడు. "ఇంక భయం లేదు సామీ. దువాతో పాటు గుడ్డ కూడా తప్పనీయను."

తాత చిన్న తీగ ముక్క అడిగి తీసుకుని, ఓబులేసు ముక్కుగుడ్డ లోపలి మడతలో దోపి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఓబులేసే గుడ్డ పట్టుకుని గుడిసెకు వచ్చాడు, వెనకాల దస్తగిరి. మడత విప్పితే తీగ తెల్లగా ఉంది.

"దుమ్మునైతే బాగానే ఆపింది సామీ" అన్నాడు ఓబులేసు. "ఆ ఆవిరి మాత్రం నాకంటే ముందే లోపలికి పోయి కాలు చాపుకుని కూర్చునింది."

తాత దస్తగిరిని చూశాడు. "పొగ లేచేది యాడ నాయనా?"

"కుంపటి కాడ."

"నువ్వు గుడ్డ కట్టింది యాడ?"

దస్తగిరి తల దించుకున్నాడు.

మర్నాడు కుంపటి వెలగలేదు. ఉరుసు దగ్గర పడుతోందని దర్గావాళ్లు కేకలేశారు. తేరు దగ్గర పడుతోందని గుడివాళ్లు కేకలేశారు. దస్తగిరి అందరికీ దండం పెట్టి, "ఈసారికి రాగితోనే కానీయండి. కాదంటే కొన్నాళ్లు కాసుకోండి" అన్నాడు. గొణుక్కుంటూనే కొందరు కాసుకున్నారు. కొందరు సరుకు తీసుకుపోయారు.

అతను కుమ్మరి ఇంట్లో కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి ఏవేవో చేశారు, పగలగొట్టారు, మళ్లీ చేశారు. చివరికి ఒక పెద్ద బానను బోర్లించి కుంపటిని కప్పేశారు. ముందువైపు చెయ్యి దూరేంత సందు మాత్రం ఉంచారు. బాన నెత్తి మీదినుంచి మట్టిగొట్టం లేచి, నీళ్లతొట్టిలో మునిగి, చల్లారిన ఆవిరిని పక్క కుండలో చుక్కలుగా దించి, మిగిలిన పొగను ఏటివైపు పైకి తీసుకుపోయేలా పెట్టారు. కిటికీల మట్టి తవ్వేశారు. కుంపటి బాన లోపల ఉంది కనుక ఎంత గాలి వీచినా పూతకు మచ్చ పడలేదు.

మొదటి కలశం కాగాక అందరూ కుండలోకి తొంగిచూశారు. అడుగున పాదరసం మెరుస్తోంది. చుక్కలు ఒకదానికొకటి దొర్లుకుంటూ పోయి కలుస్తున్నాయి, ముద్దగా, నిండుగా. ఎంత ముచ్చటగా ఉందో చూడ్డానికి!

"ఇన్నాళ్లూ ఇదంతా యాడికి పోయింది?" అన్నాడు ఓబులేసు. నవ్వించడానికి అనలేదు.

అందరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

ఆ సాయంత్రం దస్తగిరి మళ్లీ రెండు తీగలు తెచ్చాడు. ఏది లోపలిదో, ఏది వాకిలిదో చెబితే తప్ప తెలియదు. రెండూ పచ్చగానే ఉన్నాయి. మైల అని పంపేసినవాళ్ల ఇళ్లన్నిటికీ వెళ్లి తప్పయిందని చెప్పుకున్నాననీ, వాళ్లలో కొందరికి చెయ్యి మునుపటికంటే కుదురుగా ఉందనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"మంచి మాట చెప్పినావు నాయనా" అన్నాడు తాత. దూది విల్లు అందుకుని, మళ్లీ దించాడు. "ఇప్పుడు నీ పీట యాడుండాది?"

దస్తగిరి నేల చూస్తూ అన్నాడు.

"వాకిలి కాడ సామీ."

తాత మళ్లీ విల్లు అందుకున్నాడు. విల్లు టంగుమంది. దూది పింజలు లేచి మెల్లగా కిందికి దిగాయి.

మాబున్ని తాత గుడిసెలో దూది గింజలు ఏరుతూనే వానాకాలం గడిపింది. మొదట్లో ఒక్కో గింజ రెండు మూడుసార్లు జారిపోయేది. పోను పోను వేళ్లు మాట వినసాగాయి. అన్నం ముద్ద కింద పడకుండా తిన్న రోజు, కాశింబీ కోడలికి ఇంకో ముద్ద కలిపి పెట్టిందట.

చలి మొదలయ్యేసరికి దస్తగిరి పిలవడానికి వచ్చాడు. "కుంపటి పని కాదమ్మా. పూత అయిన కలశాలకు రాయితో మెరుగు పెట్టే పని. మంచి వెలుతురులో కూర్చుని చేయాల. వస్తావా?"

ఆమె తాతవైపు చూసింది. తాత తల ఊపాడు.

కార్ఖానాలోకి అడుగుపెట్టి ఆమె అలవాటు కొద్దీ లోపలికి పోబోయింది. కుంపటి పక్కన తన పాత పీట మీద దస్తగిరి కూర్చుని కలశానికి ముద్ద రుద్దుతున్నాడు. తల ఎత్తకుండానే, మోచేత్తో వాకిలివైపు చూపించాడు.

అక్కడి పీట ఖాళీగా ఉంది.

మాబున్ని వెళ్లి కూర్చుంది. కలశం ఒళ్లో పెట్టుకుని రాయి అందుకుంది. ఏటి మీదినుంచి గాలి వచ్చి ఆమె కొంగు ఎగరేసింది. చేతిలో పని ఆపి, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంది.

"అన్నా, ఈడ గాలి ఇంత బాగుంటాదా!"

కలశం మీద దస్తగిరి చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.